జీతగాడా, బానిసా? కిన్సేల్ రేవులో ఒక శనివారం

ఈ ప్రయాణానికి కారణం నా తొందరపాటు. ముప్పై రెండేళ్ళు పిల్లలకు సాంఘిక శాస్త్రం బోధించి కూడా సొంత మనవరాలికి ఒక మాట తప్పు చెప్పాను. మా అమ్మాయి, అల్లుడు ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో ఉంటారు. అల్లుడు నవీన్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నేను వెళ్ళిన ఏడాది నగరంలో ఎటు చూసినా కొత్త కంప్యూటర్ ఆఫీసులు తెరుస్తున్నారు, అద్దె ఇళ్ళకోసం జనం వరుస కడుతున్నారు. అయిదో తరగతి చదువుతున్న మేఘనకు ఇచ్చిన పాఠం, అమెరికాలో తొలి వలసలు. ఐర్లండ్ నుంచి అక్కడికి వెళ్ళిన పనివాళ్ళ గురించి చార్టు రాయాలి. "అమ్మమ్మా, ఇండెంచర్డ్ సర్వెంట్ అంటే ఎవరు?" అని అడిగింది.

"జీతగాడు" అన్నాను. సూర్యాపేట దగ్గర మా ఊళ్ళో ఉగాది నుంచి ఉగాది దాకా ఒక ఇంటికి కట్టుబడి పనిచేసే మనిషిని అలాగే అనేవాళ్ళం. నవీన్ టీ తాగుతూ నవ్వాడు. "అత్తమ్మా, అయితే నేను గూడ జీతగాడినే. నెలనెలా జీతం పడుతుంది కదా!" మేఘన "సో, డాడీ ఈజ్ వన్?" అని పెన్సిలు పైకెత్తింది. నాకు విసుగొచ్చింది. "మీ నాన్న మాట వినకు. బానిస అని రాసుకో, సరిపోతది" అన్నాను. ఆ పిల్ల చార్టు మీద పెద్ద అక్షరాలతో 'అమెరికాలో మొదటి బానిసలు ఐరిష్ వాళ్ళే' అని ఇంగ్లిష్‌లో రాసుకుంది.

మేఘన పక్కన కూర్చునే టెమి తల్లిదండ్రులు నైజీరియా నుంచి వచ్చారు. బడిలో చేరిన రోజు నుంచి ఇద్దరికీ ఒకే బల్ల. మేఘన చార్టు చూపించి "బానిసత్వం అందరికీ ఒకటే" అని చెబితే, టెమి "కాదు" అంది. చుట్టూ ఉన్న పిల్లలు మేఘన వైపే మాట్లాడారు. టెమి సంచి తీసుకుని వేరే బల్లకు వెళ్ళిపోయింది. నాలుగు రోజులు మా పిల్ల ఒంటరిగా భోజనం చేసింది. సోమవారం ఆ చార్టు తరగతి ముందు చదవాలి. "యూ టోల్డ్ మీ, అమ్మమ్మా" అని మాత్రం అంది. వర్జీనియాకు ఓడలు వెళ్ళిన రేవును చూపిస్తూ, గంట దూరంలోని కిన్సేల్‌లో శనివారం ఒక నడక ఉందని లైబ్రరీ గోడమీద ప్రకటన చూసి, ఇద్దరం బయలుదేరాం.

కార్క్ బస్టాండు నుంచి తొమ్మిది గంటల బస్సు ఎక్కాం. రానుపోను టికెట్టు నాకు పదకొండు యూరోల ఇరవై సెంట్లు, పిల్లకు ఆరు అరవై. విమానాశ్రయం మీదుగా వెళ్తుంది కాబట్టి పెట్టెలవాళ్ళతో మొదటి సగం కిటకిటలాడుతుంది, తర్వాత ఖాళీ. డ్రైవరు నా చీరనూ దానిమీది కోటునూ చూసి "కిన్సేల్‌కా? గ్రాండ్! ఎండ ఇప్పుడే చూసేయండి, మధ్యాహ్నానికి ఉండదు" అన్నాడు. మేఘన నవ్వలేదు. పచ్చని గట్లు, ఆవులు, మళ్ళీ ఆవులు. పదింటికి రేవు ముందు దిగాం. నడక పదిన్నరకు మొదలు, పెద్దలకు ఎనిమిది యూరోలు, పిల్లలకు ఉచితం.

నడిపించే ఆమె పేరు నోరీన్. ఆమె కూడా విశ్రాంత ఉపాధ్యాయినే. ఎర్ర టోపీ, నాకంటే వేగంగా అడుగులు. ఇరుకు సందులు, రంగు రంగుల ఇళ్ళు దాటించి మమ్మల్ని నీటి అంచున నిలబెట్టింది. పదిహేడో శతాబ్దంలో ఈ తీరం నుంచి వర్జీనియాకూ కరీబియన్ దీవులకూ పనివాళ్ళు వెళ్ళారనీ, కొందరు దిక్కులేక ఒప్పుకుని వెళ్ళారనీ, కొందరిని బలవంతంగా పంపారనీ చెప్పింది. దెబ్బలు, జ్వరాలు, గడువు తీరకముందే చావులు.

"మరి వాళ్ళు బానిసలు కారా?" అని అడిగాను.

"ప్రతి శనివారం ఎవరో ఒకరు అడుగుతారు" అంటూ నోరీన్ సంచిలోంచి తెల్లకాగితం తీసింది. పైనా కిందా ఒకే ఒప్పందం రాసి, మధ్యలో రంపపు పళ్ళలా వంకరటింకరగా కత్తిరించింది. ఒక ముక్క యజమానికి, ఒకటి పనివాడికి. తగువు వస్తే రెండూ కలిపి చూస్తారు, పళ్ళు కుదిరితే నిజమైన పత్రం. ఇంగ్లిష్‌లో ఆ పళ్ళ నుంచే 'ఇండెంచర్' అనే మాట పుట్టిందట. కాగితం మీద ఏళ్ళ సంఖ్య ఉంటుంది. నాలుగు, అయిదు, ఏడు. బతికి ఉంటే ఆ తర్వాత అతను స్వేచ్ఛగా వెళ్ళిపోవచ్చు. ఇన్నేళ్ళు ఆ మాటను పలికానే గాని, అందులో పళ్ళున్నాయని నాకు తెలియదు.

మేఘన రెండు ముక్కలూ కలిపి చూసింది. తర్వాత "ఆఫ్రికా నుంచి తెచ్చినవాళ్ళ ముక్క ఏది?" అని అడిగింది.

"వాళ్ళకు లేదు, లవ్" అంది నోరీన్. "కత్తిరించడానికి కాగితమే రాయలేదు."

వర్జీనియాలో మొదటి కొన్ని దశాబ్దాలు చట్టం స్పష్టంగా లేదనీ, ఆఫ్రికా వాళ్ళలో కొందరు స్వేచ్ఛ కూడా సంపాదించుకున్నారనీ, తర్వాత ఒక్కొక్క చట్టం చేసి తలుపులు మూసేశారనీ వివరించింది. వాటిలో ఒకటి, తల్లి బానిస అయితే పుట్టిన బిడ్డ కూడా బానిసే. తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనవరాలికి. నేను మేఘన చెయ్యి పట్టుకున్నాను. చలికి అనుకుని ఆ పిల్ల నా చెయ్యి తన జేబులో పెట్టుకుంది.

మా ఇంట్లో మల్లయ్య అనే జీతగాడు ఉండేవాడు. అతని బతుకు సుఖంగా గడిచిందని నేను చెప్పను. మా నాన్న అతణ్ణి పిలిచే తీరు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. కాని ఒక ఉగాదికి అతను మా ఇల్లు వదిలి మరొకరింటికి వెళ్ళాడు, నాన్న కేకలు వేశాడే గాని ఆపలేకపోయాడు. మల్లయ్య కూతురు ఏనాడూ మా సొత్తు కాలేదు. రెండింటికీ ఉన్న తేడా నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. విసుగులో దాన్ని చెరిపేశాను.

నోరీన్ చివరగా చెప్పినదాన్ని మేఘన వెంటనే రాసుకుంది. తర్వాతి కాలంలో కార్క్ వ్యాపారులు ఉప్పువేసిన గొడ్డుమాంసం, వెన్న పీపాలకెత్తి అవే దీవులకు పంపారట. అక్కడి తోటల యజమానుల్లో ఐరిష్ వాళ్ళు కూడా ఉన్నారట. "మావాళ్ళు కొందరు ఆ ఓడల్లో ఏడుస్తూ వెళ్ళారు, కొందరు ఆ ఓడల లాభాలతో ఇళ్ళు కట్టుకున్నారు" అంది నోరీన్. "మొదటిది చెప్పుకోవడం మాకు ఇష్టం."

పన్నెండున్నరకు నడక ముగిసింది. రేవు ఎదుటి హోటల్లో కూరగాయల సూపు, బ్రౌన్ బ్రెడ్ తిన్నాం, మనిషికి ఆరున్నర యూరోలు. శాకాహారులు సూపులో మాంసం ఉడికించిన నీళ్ళు పోశారా అని ముందే అడగాలి. వడ్డించిన అమ్మాయి వంటగదిలోకి వెళ్ళి కనుక్కుని మరీ చెప్పింది.

"చార్టు మార్చేద్దాం" అంది మేఘన తిరుగు బస్సులో. "మార్చుదువు గాని, ముందు టెమి ఇంటికి పోదాం" అన్నాను. "ఇప్పుడా? నో వే, అమ్మమ్మా!" అని కోటు ముఖం మీదికి లాక్కుంది. టెమి ఇల్లు మా వీధికి రెండు వీధుల అవతల. మూడింటికి తలుపు తట్టాం. నర్సు పని ముగించుకుని వచ్చిన వాళ్ళమ్మ "గుడ్ ఆఫ్టర్నూన్, మా" అని, పెద్దవాళ్ళను వాళ్ళు పిలిచే తీరులో, లోపలికి పిలిచింది. పిల్ల తప్పు కాదనీ, మాట నాదేననీ చెప్పాను. ఆమె నన్ను నిదానంగా చూసింది. "ఆ ఒక్క మాట కోసం కిన్సేల్ దాకా వెళ్ళొచ్చారా?"

టెమి మెట్ల మీదే నిలబడింది. "నేను అబద్ధం చెబుతున్నట్టు అందరూ నన్నే చూశారు" అంది.

"సారీ. నాదే రాంగ్, లైక్" అంది మేఘన కార్క్ పిల్లల యాసలో. "సోమవారం అందరి ముందు చెబుతా."

"ముందు అది చెప్పు. తర్వాత మిగతాది చదువు."

"ఓకే."

"హెడింగ్ నేను రాస్తా" అంది టెమి.

సోమవారం మేఘన "నేను తప్పు రాశాను" అన్న వాక్యంతోనే మొదలుపెట్టిందట. మంగళవారం టెమి పాత బల్ల దగ్గరికి రాలేదు. బుధవారం వచ్చింది.

ఒకరి కష్టాన్ని చెప్పడానికి పక్కవారి కష్టాన్ని తగ్గించనక్కరలేదని తరగతిలో ఎన్నోసార్లు బోధించాను. అది నాకే పాఠం కావడానికి ఒక రేవు, ఒక కత్తిరించిన కాగితం కావలసి వచ్చాయి. ఆ ఓడల్లో వెళ్ళిన ఐరిష్ కూలీల మీద నాకు జాలి తగ్గలేదు. వాళ్ళకు పెట్టవలసిన పేరు మాత్రం ఇప్పుడు జాగ్రత్తగా ఎంచుకుంటున్నాను.

మీరు వెళ్ళేటట్లయితే ఒక సలహా. రేవు దగ్గర గాలి జోరుగా వీస్తుంది, నడిపించేవారి పక్కనే నిలబడండి. వెనక నిలబడితే సగమే వినిపిస్తుంది, మిగతా సగం ఇంటికొచ్చి మనమే కల్పించి పిల్లలకు చెబుతాం.