సోలెడు జొన్నలు, అక్క పెళ్లి పసుపు

పాసైంది! మా చిన్నబిడ్డ రజిత పట్టిన పసుపు పాసైంది! పొద్దున ఫోన్ చేసి "బాపూ, ల్యాబు రిపోర్టు వచ్చింది, మన పసుపుల ఏం కలువలేదట" అన్నది. చేతిలోని చాయ్ ధోతి మీద ఒలికినా నాకు సోయి లేదు... అంత సంతోషం!

పసుపు పాసైతే ఇంత సంబరమెందుకని అడుగుతారేమో. అయితే మా గిర్ని ముచ్చట వినాలి...

మా చిన్నప్పుడు... డెబ్బైలలో, వరంగల్‌లో మా బాపుకు పిండి గిర్ని ఉండేది. బెల్టు తిరుగుతుంటే గోడలు కూడా వణికేవి. జొన్నలు, గోధుమలు, మిరపకాయలు, పసుపు కొమ్ములు... అన్నీ ఆ ఒక్క రాయి కిందికే పోవాలి. ఇంటిల్లిపాదికీ కనురెప్పల మీద కూడా పిండే!

మిర్చి పట్టిన తరువాత ఇంకేం పట్టాలన్నా బాపుకు ఒక నియమం ఉండేది. ముందు మా ఇంటి జొన్నలు సోలెడు పోయాలి. రాయి సందుల్లో ఇరుక్కున్న కారాన్ని ఆ పిండి తోసుకొస్తుంది. దాన్ని పారేసి, మళ్లీ సోలెడు. రెండోసారి వచ్చిన పిండిని బాపు నాలుక మీద వేసుకునేవాడు. చురుక్కుమనకపోతేనే తరువాతి వాళ్ల డబ్బా.

"తినే గింజలు మట్టిల పోస్తాండు ఈ మనిషి" అని అమ్మ గులిగేది.

"రాయికి నోరున్నదానే చెప్పనీకి? మన నాలికనే అడగాలె" అనేవాడు బాపు.

అట్లాంటి మనిషి కడుపున పుట్టి... మా సుగుణక్క పెళ్లికి నేను చేసిన ఘనకార్యం వినండి.

నాకప్పుడు పద్నాలుగేళ్లు. ముత్తైదువలు శాస్త్రానికని నాలుగు కొమ్ములు రోట్లో దంచారు. మిగతా కొమ్ములు గిర్నికి వచ్చాయి. అంతకు కాసేపటి ముందే పెళ్లి వంటలకు కారం పట్టాం. బాపు పందిరి పని మీద పోతూ "జొన్నలు పోసినంకనే పసుపు పొయ్యి, యాదుంచుకో" అని మరీ చెప్పాడు. ఇంతలో మా ఇంటి ముందు బ్యాండువాళ్లు దిగారు... డప్పు చప్పుడు చెవిన పడితే నా కాళ్లు నిలుస్తాయా! జొన్నలు పోయకుండానే కొమ్ములు పోసేశాను. పసుపు బంగారంలా వచ్చింది. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను...

మర్నాడు పొద్దున్నే అక్కను పీట మీద కూర్చోబెట్టి, మా మేనత్త ఆమె రెండు చెంపలకు పసుపు పూసింది. అంతే...

"అత్తా, మండుతాందే! కండ్లు మండుతానయే!"

"సిగ్గుకు మండుతాందేమో పిల్లా" అని అత్త నవ్వింది. ఆ నవ్వు ఆగేలోపే అత్త చేతులూ మండాయి.

అక్క ముఖం ఎర్రబడి ఉబ్బింది. చల్లటి నీళ్లతో కడిగి, పెరుగు పూశారు. లగ్గమేమో ఆ సాయంత్రమే! "మొగపిల్లగానోళ్లు చూస్తే, రోగం దాచిపెట్టి పిల్లను అంటగడతాండ్రు అంటరు" అని ఒక ముసలమ్మ అననే అన్నది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

బాపు నావైపు చూశాడు. "జొన్నలు పోసినవారా?"

నేను తల దించుకున్నాను...

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. ఆ పసుపంతా నాతోనే మోరీలో పారబోయించి, నన్ను వెంటబెట్టుకొని గిర్నికి నడిచాడు. రాయి ఎత్తి సందు సందూ కుంచెతో దులిపించాడు. సోలెడు కాదు, మూడు సోలల జొన్నలు పోయించాడు. ఆ తరువాతే కొత్త కొమ్ములు. ఆ పసుపు తెచ్చి, పందిరి నడుమ నిలబడి, నీళ్లు కలిపి... తన రెండు చెంపలకూ, కళ్ల కిందా పూసుకున్నాడు!

చుట్టాలంతా గొల్లున నవ్వారు. "బావా, లగ్గం నీకా, బిడ్డకా?" అన్నాడు మా మేనమామ.

"జర ఆగు బామ్మర్దీ. నాకు మండకపోతేనే నా బిడ్డకు."

అంతవరకు ఏడ్చిన అక్క పెరుగు ముఖంతోనే కిలకిలా నవ్వింది. మధ్యాహ్నానికి ఎరుపు తగ్గింది. మళ్లీ పసుపంటే అందరూ జంకారు గానీ, అక్కే చెంప చాపింది. "బాపుకు మండలేదు గదా, పూయుండ్రి" అన్నది. లగ్గం సుఖంగా జరిగింది. బాపు ముఖం మాత్రం మూడు రోజులు పచ్చగానే ఉంది!

ఇప్పుడు మా రజిత హసన్‌పర్తి దగ్గర షెడ్డు వేసి కారం, పసుపు పట్టి ప్యాకెట్లు చేస్తుంది. ఎనిమిది మంది ఆడవాళ్లకు అక్కడే పని. పోయిన నెల పసుపులో మిర్చి కలిసిందని ల్యాబువాళ్లు తేల్చారు. ఇంకోసారి ఇట్లా వస్తే సరుకే కొనేది లేదన్నారు కొనేవాళ్లు. అదే జరిగితే షెడ్డుకు తాళమే...

"రోజూ మిషన్ కడుగుతానం బాపూ, ఎట్ల కలుస్తాందో సమజైతలేదు" అని బిడ్డ కంటనీరు పెట్టుకుంది.

"సోలెడు బియ్యం పోసి, ఆ పిండి నాలిక మీద ఏసుకో బిడ్డా" అన్నాను.

"ఇది స్టీలు మిషన్ బాపూ, నీ గిర్ని కాదు" అని ఏడుపులోనే నవ్వింది. కానీ పోసింది. నాలుక చురుక్కుమంది! పిండి జారే గొట్టం వంపు విప్పి చూస్తే పిడికెడు పాత కారం గడ్డకట్టి ఉంది... నాలుగు దశాబ్దాలు దాటినా రాయి చేసే పనే స్టీలూ చేసింది! ఇప్పుడు పసుపుకు వేరే మిషన్ పెట్టింది. దానికీ పొద్దున్నే సోలెడు బియ్యం పోయనిదే పని మొదలుపెట్టదు.

ఇవాళ అన్నీ సీలు ప్యాకెట్లే... తారీఖు ఉంటుంది, నంబరు ఉంటుంది. ముందుగా తన చెంపకు పూసుకున్న మనిషి మాత్రం కనబడడు. మీ గల్లీ గిర్నిలో మీకేం యాదికుందో కింద రాయండి, అన్నీ చదువుతాను.

సరే, ఇది చదివే మనవాళ్లంతా ఈ కబురు చేరవేయాలి... హనుమకొండలో మా మేనమామకు, పందిరిలో బాపును ఎగతాళి చేసింది ఆయనే! మేనత్త కోడలికి. మా పెద్దబిడ్డ అత్తగారికి. మా తమ్ముడికి, వాడు ఫోన్ ఎత్తడు, ఇంటికే పోయి చెప్పండి. అందరికంటే ముందు స్టేషన్ ఘన్‌పూర్‌లో మా సుగుణక్కకు. ఆమెకు చెవులు సరిగా వినబడవు, రజిత పంపిన తన ఫోటో ఇక్కడే పెట్టాను, అది చూపించండి... రెండు చెంపల నిండా పసుపు పూసుకొని నవ్వుతున్న ఫోటో. చూపించి, గట్టిగా చెప్పండి: మండలేదట అక్కా!