షాహీన్ మెడలో చప్పుడు

గురజాలలో ట్రాక్టరు మొరాయించిందంటే మక్బూల్‌నే పిలుస్తారు. నడుస్తున్న ఇంజను మీద స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడిని చెవికి నొక్కుకుని కళ్ళు మూసుకుంటాడు. లోపల ఏం పోయిందో చెప్పాకే బోల్టు విప్పుతాడు. ఆ చెవి మీద ఊరికెంత గురో అతనికీ అంతే, మొన్నటిదాకా. ఎండాకాలంలో భార్య షాహీన్ షెడ్డుకి టీ తెచ్చిన పూట, అతని సుత్తి దెబ్బకి ఇనప ముక్క ఎగిరి ఆమె మెడలో దిగింది. ముక్క పీకేసి, గుడ్డ అదిమిపట్టి, "చిన్న గీతేలే" అన్నాడు. గాయం మానింది. ఆ తర్వాత చెవిలో గుయ్యిమంటోందని ఆమె అన్నప్పుడల్లా, "చానా చేస్తన్నావే, నూనె చుక్కేసుకో" అని కసిరాడు.

నిన్న నరసరావుపేటలో డాక్టరమ్మ, ముక్క దిగినచోట ధమనికీ సిరకీ చిల్లిపడి రెండూ కలిసిపోయాయని, చెవిలో గుయ్యిమనేది ఆ రక్తం హోరేనని, ఆపరేషన్ చెయ్యాలని చెప్పింది. దెబ్బ ఎట్లా తగిలిందని అడిగితే, మక్బూల్ నోరు తెరిచేలోపే షాహీన్ "తలుపు మేకు గుచ్చుకుందమ్మా" అంది. డాక్టరమ్మ అతని వేళ్ళని ఆ మచ్చ మీద పెట్టించింది. చర్మం కింద ఇంజను నడుస్తున్నట్టు అదురుతోంది. ఇల్లు చేరేదాకా ఆ చెయ్యి జేబులోంచి తియ్యలేదు. ఇవాళ షెడ్డుకొచ్చిన ట్రాక్టరుకి స్క్రూడ్రైవరు ఆనించి ఎంతసేపటికీ తల ఎత్తడు. "ఏంది భాయ్, ఏం పోయింది?" అన్నాడు రైతు.

"ముందు ఇంజను ఆపు, చెబుతా."

"ఆపి చానాసేపయింది గదా భాయ్."