ఒక పొద్దున రెండు గోలీలు

బీపీ గోలీ వేసుకోవడం నా పని అని నేనెప్పుడూ అనుకోలేదు. వేయించడం మా ఆవిడ పని. పొద్దున్నే చాయ్‌తో పాటు అరచేతిలో పెడుతుంది, నేను మింగుతాను. ఆ మధ్య చెల్లెలింటికని వరంగల్ వెళ్తూ, ఆ పని పక్కింటి ఆపాకు అప్పజెప్పింది. మాదన్నపేటలో మా రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒక్క గోడే. ఆపా అంటే అక్క, వయసులోనూ నాకన్నా పెద్దదే. పిలవడం భాయ్ అనే పిలుస్తుంది గానీ, చూడటం మాత్రం బడిపిల్లాడిని చూసినట్టే. నాష్తా పెట్టి, గోలీ చేతిలో వేసి, అది గొంతు దిగేదాకా కదిలేది కాదు.

మా ఆవిడ చెప్పినదానికన్నా ఒకరోజు ముందే దిగింది. వస్తూనే వంటిల్లు చూసి లొల్లి మొదలుపెట్టింది.

"ఏందయ్యా గీ గిన్నెలు? మనుషులుండే ఇల్లేనా ఇది?"

అంటూనే చాయ్ పెట్టింది, గోలీ ఇచ్చింది. తిట్లతో పాటు దాన్నీ మింగాను. అంతలో గోడవతల నుంచి ఆపా కేకేసింది. ఖిచిడీ, ఖీమా, ఖట్టా! బతుకుజీవుడా అనుకుంటూ ఆ ఇంట్లో పడ్డాను. కడుపు నిండాక ఆపా గోలీ ఇచ్చింది. కబుర్లలో పడి అదీ మింగాను. చేతిలో పెడితే నోట్లో వేసుకోవడం అలవాటైపోయింది మరి!

మా ఆవిడ గిన్నెలన్నీ తోముకుని వచ్చేసరికి నేనింకా అక్కడే ఉన్నాను.

"మస్తు తక్లీఫ్ ఇచ్చినం ఆపా. ఇయ్యాల గోలీ నేనే ఇచ్చిన, ఇగ మీకు ఫికర్ లేదు."

"యా అల్లా! నేను గూడ ఇచ్చిన గదమ్మా!"

ఇద్దరూ నావైపు తిరిగారు. జవాబు చెబుదామని లేచాను. కళ్లు తిరిగి మళ్లీ కూలబడ్డాను. అప్పుడు మాత్రం నిజంగా భయమేసింది.

సైదాబాద్ దవాఖానకు ఆటోలో పోయాం, ఇద్దరి మధ్యా నేను. డాక్టర్ బీపీ చూసి, బాగా పడిపోయిందన్నాడు. మధ్యాహ్నం దాకా మంచం దిగొద్దన్నాడు. నా పక్కనే వాళ్లిద్దరి పంచాయితీ.

"తప్పు నాదే ఆపా. ఒచ్చిన్నని చెప్పకపోతి."

"నై నై, అడగకుండ ఇచ్చిన, నాదే."

మింగినవాణ్ని నన్ను ఎవరూ లెక్కలోకే తీసుకోలేదు. కొంచెం రోషమొచ్చింది కూడా.

మధ్యాహ్నానికి బీపీ దారికొచ్చింది. రేపు తనకు చూపించాకే మళ్లీ గోలీ అనీ, ఇకనుంచి ఎవరో ఒక్కరే ఇవ్వాలనీ డాక్టర్ చెప్పాడు.

"ఎవ్వరొద్దు. ఇగ నేనే ఏస్కుంట," అన్నాను.

ఇద్దరూ నన్ను ఎగాదిగా చూసి పకపకా నవ్వారు. ఆపా అయితే మంచం పట్టె పట్టుకుని మరీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే మా ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. అది నవ్వు కాదని తెలియడానికి నాకు కాసేపు పట్టింది.

"నువ్వొక్కనివే ఏసుకునే దినం మనకొద్దయ్యా," అంది.