జిలానీ ఊక గుట్ట, నేను రాసిన పేరు

నిన్న పొద్దున గుడివాడ బస్టాండులో ఉండగా జిలానీ తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నయ్య లేడండీ" అన్నాడు.

ఎన్నింటికి, ఎక్కడ, ఆస్పత్రికి తీసుకెళ్లారా అని అడిగాను. తెల్లవారాక, ఇంట్లోనే, అంత టైమ్ లేదు. గుండెపోటు.

అన్నిటికీ జవాబులు వచ్చాక గానీ, పోయింది మా జిలానీ అని నాకు తగల్లేదు. ముప్పై ఏళ్లు విలేకరిగా పనిచేస్తే ఇలాగే తయారవుతాం.

తెలియనివాళ్లకి చెప్తున్నాను. జిలానీకి మచిలీపట్నంలో చిన్న షాపు. రోల్డ్ గోల్డ్ గాజులు, గొలుసులు. నాకు చుట్టం కాదు. అయినా ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్లం.

అతనికి స్కీయింగ్ అంటే ప్రాణం.

అవును, బందరులో ఉండి. కొండ చూడాలంటే బెజవాడ వెళ్లాల్సిన ఊళ్లో ఉండి.

ఒకసారి సరుకు అమ్మడానికి కాశ్మీర్ వెళ్లాడు. మంచుకి రోడ్డు మూసేస్తే గుల్మార్గ్‌లో చిక్కుకుపోయాడు. ఊరికే కూర్చున్నాడని లాడ్జి ఓనరు అతని కాళ్లకి స్కీలు కట్టాడు. అంతే. ఆ తర్వాత ఏటా ఫిబ్రవరిలో షాపు తమ్ముడికి అప్పగించి పది రోజులు అక్కడే.

ఒక పాత జత కొనుక్కుని, గోనెపట్టాలో చుట్టి రైల్లో తెచ్చుకున్నాడు. టీటీ అడిగితే కిటికీ చెక్కలని చెప్పాడట.

మిగతా ఏడాదంతా ప్రాక్టీసు పెదపారుపూడి వైపు ఒక రైస్ మిల్లు వెనక. ఊక గుట్ట మీద.

ఒకసారి అతనితో వెళ్లి చూశాను. రెండంతస్తుల ఎత్తుంది. ఆదివారం, మిల్లు ఆగి ఉంది. ఎండు ఊకలో స్కీలు కూరుకుపోతాయి కాబట్టి ముందు అడ్డంగా అడుగులేస్తూ, తొక్కుకుంటూ పైకి ఎక్కాడు. పావుగంట పట్టింది.

దిగడానికి నాలుగు సెకన్లు.

కింద పడ్డాడు. ఊక దులుపుకున్నాడు. మళ్లీ ఎక్కాడు.

పొయ్యిలోకి ఊక తీసుకెళ్లడానికి వచ్చిన ఒకావిడ తట్ట దించి చూస్తూ నిలబడింది.

"ఏంటి సాయిబుగారూ, పొద్దుట్నించీ వెతుకుతున్నారు? ఏం పోయింది?"

"మంచు కోసమమ్మా. ఇక్కడ ఇంకా పడలా."

"పడితే మాక్కూడా చెప్పండి, ఎత్తిపోయడానికి కూలికొస్తాం!"

తిరిగొచ్చేదాకా ఆ మాటకి నవ్వుతూనే ఉన్నాడు. బండి దిగేటప్పుడు మాత్రం ఒకటి అడిగాడు.

"స్టోరీ రాసుకో బావా. నా పేరు వేసుకో, ఫొటో వేసుకో. మిల్లు పేరు మాత్రం వద్దు. పేరు బయటికి రాదంటేనే ఓనరుగారు రానిచ్చారు. నాకింకో గుట్ట లేదు."

సరే అన్నాను.

రాసేటప్పుడు మిల్లు పేరు రాశాను.

మర్చిపోయి కాదు. డెస్క్ కూడా అడగలేదు. ఎక్కడ జరిగిందో లేని వార్త నా చేతి మీదుగా వెళ్లడం నాకు నచ్చదు, అంతే. అందులో ఒక్క అబద్ధం లేదు.

తర్వాతి ఆదివారం జనం ఫోన్లు పట్టుకుని వచ్చారు. రీల్ తీసుకుంటూ ఒకతను ఛాతీ దాకా ఊకలో దిగబడిపోయాడు. తాళ్లు వేసి లాగారు, ఏమీ కాలేదు. సాయంత్రానికి ఓనరు గేటుకి తాళం వేశారు.

జిలానీకి కూడా.

పాలకాయతిప్ప బీచికి వెళ్లి ఇసుక దిబ్బలు చూసొచ్చాడు. నడుమెత్తు కూడా లేవు. ఆ ఫిబ్రవరిలో గుల్మార్గ్ వెళ్తే రెండో రోజే మోకాలు మెలిపడింది. ప్రాక్టీసు లేకపోవడం వల్లేనని డాక్టరు అనలేదు. నేను అనుకుంటున్నాను. మళ్లీ వెళ్లలేదు.

నన్ను ఒక్క మాట అనలేదు. పైగా నా కటింగ్‌కి లామినేషన్ చేయించి షాపులో పెట్టాడు. "మా బావ రాశాడండీ" అని కస్టమర్లకి చూపించేవాడు. నేను షాపుకి వెళ్లడం తగ్గించాను.

ఆ మిల్లు ముందు నుంచి పనుల మీద చాలాసార్లు వెళ్లాను. బండి ఆపి, తప్పు నాదండీ, ఆయన్ని రానివ్వండి అని చెప్పడానికి పది నిమిషాలు చాలు.

ఆపలేదు.

నిన్న సాయంత్రం అసర్ నమాజు తర్వాత ఖననం. మిల్లు ఓనరుగారు వచ్చారు. నన్ను గుర్తుపట్టి పక్కన నిలబడ్డారు.

"గేటు వేశాక జిలానీగారు మా ఇంటికొచ్చారండీ. పేరు నేనే చెప్పి రాయించాను, పేపరాయన్ని ఏమీ అనకండి అన్నారు. మీ మీద కోపం అప్పుడే పోయింది. మాటిచ్చి తప్పారని ఆయన మీద ఉండిపోయింది. లేకపోతే నెల తిరక్కుండా తాళం తీసేవాణ్ణి."

ఆయన చెప్పలేదండీ, రాయొద్దన్నాడు, రాసింది నేను అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు.

"ఇప్పుడా అండీ చెప్పడం?"

పిడికెడు మట్టి వేయడానికి ముందుకు వెళ్లారు.

మా వృత్తిలో తప్పు జరిగితే సవరణ వేస్తాం. వార్తలో ఉన్నవన్నీ నిజాలే కదా అని ఇన్నాళ్లూ ఆ ఊసెత్తలేదు. ఈ రోజు వేస్తున్నాను.

మిల్లు పేరు జిలానీ చెప్పి రాయించలేదు. రాయొద్దని అడిగాడు. రాయనని మాటిచ్చి రాసింది నేను. ఓనరుగారికి ఇచ్చిన మాట అతను ఎప్పుడూ తప్పలేదు.

ఉంటాను బావా. క్షమించమని అడగడానికి నువ్వు వెళ్లిపోయాక వచ్చాను. అల్లా నీకు నెమ్మదినివ్వాలి.