సాంబ్రాణి పట్టిన చేపల గది

మా చిన్నప్పుడు మా పెరట్లో చేపలు కాపురముండే గది ఒకటి ఉండేది... తినే చేపలు కాదు, చూసే చేపలు.

కోటబొమ్మాళి స్టేషన్‌లో దిగి సముద్రం వైపు ఆటోలో వెళ్తే మా ఊరు. ఇంటిల్లిపాదీ వేట మీద, చేపల అమ్మకం మీద బతికేవాళ్లం. ఒక్క చిన్నాన్నకి మాత్రం పడవెక్కితే కడుపులో తిప్పేది. అందుకని విశాఖపట్నంలో రంగు చేపలమ్మే దుకాణంలో కొన్నాళ్లు పనిచేసి, ఆ విద్య నేర్చుకుని వచ్చాడు. గప్పీలు, మోలీలు, ఏంజెల్ చేపలు పెంచి రాజాం, శ్రీకాకుళం దుకాణాలకి వేయాలని ఆయన ఆశ.

నానమ్మ ఒక షరతు పెట్టింది. ఈ చలికాలం చేపలు బతికి బట్టకడితే సరే. లేదంటే ఊళ్లో మిగతా మగాళ్లతో పాటు గుజరాత్ వెళ్లి, వెరావల్‌లో బోటెక్కాలి...

రంగు చేపలు చలికి ఆగవు. చిన్నాన్న సరుగుడు కర్రలు పాతి, రేకులతో గది కట్టాడు. రేకు మధ్యాహ్నం కాలుతుంది, తెల్లారేసరికి మంచులా అయిపోతుంది. దానికి విరుగుడు మా ఇంట్లోనే మూలన పడి ఉంది... సముద్రం చేపల్ని ఐసులో పెట్టి లారీకెక్కించే థర్మకోల్ పెట్టెలు. విరిగిన పెట్టెల్ని పలకలుగా కోసి, కడిగి, ఎండబెట్టి, గోడలకీ కప్పుకీ లోపలివైపు బిగించాడు. సందుల్లో కొబ్బరి పీచు కూరాడు. తలుపు అంచుల చుట్టూ పాత దుప్పటి ముక్కలు కొట్టాడు. చీమ దూరే సందు కూడా మిగల్లేదు.

నానమ్మ పెరట్లోకి వచ్చినప్పుడల్లా ఒకటే మాట.

“సచ్చిన సేపకి ఐసు, బతికిన సేపకి దుప్పటి... ఏటిరా ఈ సంబడం?”

చిన్నాన్న నవ్వి ఇంకో పలక బిగించేవాడు.

నేను టౌన్లో కాన్వెంటులో చదివేదాన్ని. నలుగురిలో నోరు పెగిలేది కాదు. బడి నుంచి రాగానే లైబ్రరీ పుస్తకం పట్టుకుని ఆ గదిలో దూరేదాన్ని. లోపల నులివెచ్చగా ఉండేది. గాలి మోటారు గుర్రుమంటుంటే గాజు తొట్లలో బుడగలు లేచేవి. ఎంత కడిగినా వదలని ఐసు పెట్టెల నీచు వాసన... అయినా నాకు ఆ ఇంట్లో అంతకంటే ఇష్టమైన చోటు లేదు. చిన్నాన్న నన్ను పలకరించకుండా తన పని తాను చేసుకునేవాడు. అది ఎంత మర్యాదో అప్పుడు తెలియలేదు.

పుష్యమాసం మంచు కమ్మింది. గదిలో చేపలు హాయిగానే ఉన్నాయి. ఒకరోజు గప్పీలు పిల్లల్ని పెట్టాయి. ఆ సంగతి విని నానమ్మ మొదటిసారి ఆ గడప దాటింది.

“గుడ్డు పెట్టదా? మనలాగే కంటాదా?” అని అడిగి, బాలింతను చూడ్డానికి వచ్చినదానిలా చాలాసేపు అక్కడే కూర్చుంది.

మా ఇళ్లలో కొత్త పడవ నీళ్లలోకి దిగేముందు పసుపు రాసి, బొట్టుపెట్టి, మూలమూలకీ సాంబ్రాణి పొగ వేస్తారు. అలా చేస్తేనే అది ఇంటి పడవ. చేపల గదికి నానమ్మ అలాంటిదేమీ చేయలేదు.

ఆ శుక్రవారం చేసింది...

చిన్నాన్న దుకాణం వాళ్లతో మాట్లాడటానికి రాజాం వెళ్లాడు. నేను బడిలో ఉన్నాను. నానమ్మ తలుపుకి పసుపు రాసింది. నిప్పుల మీద గుప్పెడు సాంబ్రాణి వేసి నాలుగు మూలలా తిప్పింది. పొగ బాగా పట్టాలని నిప్పుల గిన్నె లోపలే ఉంచి, తలుపు మూసి వచ్చింది.

నేను ఇంటికొచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. రాజాం నుంచి తిరిగొచ్చిన చిన్నాన్న గడప మీద కూర్చున్నాడు. తొట్లలో ఓ నాలుగు తప్ప చేపలన్నీ పక్కకి ఒరిగి తేలుతున్నాయి. గాలి మోటారు గదిలో ఉన్న గాలినే పీల్చి నీళ్లలోకి వదులుతుంది. ఆ వేళ గదిలో ఉన్నదంతా పొగే. చిన్నాన్న మోటారు గొట్టం పీకి వాసన చూసి నాకిచ్చాడు. నేనూ చూశాను... సాంబ్రాణి.

చేపలమ్ముకోడానికి వెళ్లిన నానమ్మ వీధిలోంచి పరుగున వచ్చింది. ఏమైందని అడిగింది.

“కరెంటు పోయిందే అమ్మా. గాలాడక సచ్చిపోయినాయి.”

“దూపం కూడా ఏసినాను గదరా... అయినా ఇలాగయ్యిందేటి?”

“నువ్వు దూపం ఏసినావు కాబట్టే ఆ నాలుగైనా మిగిలినాయి.”

నానమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ నాలుగు చేపల వైపు చూసి, మెల్లగా అంది... “కరెంటుని నమ్ముకుని బతుకేటిరా. సముద్రానికి కరెంటక్కర్లేదు.”

చిన్నాన్న దగ్గర జవాబు ఉంది. గది తప్పేమీ లేదు. అది చలిని లోపలికి రానివ్వలేదు, పొగని బయటికి పోనివ్వలేదు... అంత బాగా కట్టాడు. మళ్లీ చేపలు తెచ్చుకుని మొదలుపెడితే సరిపోయేది. కానీ అది చెప్పాలంటే, నానమ్మ వేసిన పొగే చేపల్ని చంపిందన్న రెండో మాట కూడా చెప్పాలి. ఆయన చెప్పలేదు. వెరావల్ వెళ్లే తర్వాతి గుంపుతో రైలెక్కాడు.

గదిలో వలలు పడేశారు. థర్మకోల్ పలకలు ఒక్కొక్కటే ఊడిపోయాయి. నానమ్మ మాత్రం తన ధూపం నాలుగు ప్రాణాలు నిలబెట్టిందని పోయేదాకా ఊరందరికీ చెప్పుకుంది. ఆమె సంతోషం చూస్తే నాకూ సంతోషంగానే ఉండేది... చిన్నాన్న గుర్తొచ్చేదాకా.

ఆయన ఇప్పటికీ బోటు మీదే. ప్రతి ఏడూ మొదటి కొన్ని రోజులు అన్నం ఇమడదట. మొన్న ఫోన్లో అడిగాను, ఇప్పుడైనా నిజం ఇంట్లో చెప్పొచ్చు కదా అని.

“ఇప్పుడెవులికి సెప్పాలి తల్లీ...” అని, ఏం పుస్తకం చదువుతున్నావంటూ మాట మార్చేశాడు.

మా ఊళ్లో ఇప్పుడు కరెంటు పెద్దగా పోవడం లేదు. ఎవరి తప్పు వాళ్లకే తెలియకుండా దాని మీదకి నెట్టేసే వీలూ లేదు... మీ ఇళ్లలో కూడా ఎవరైనా అలా కరెంటు మీద వేసి దాచిన మాట ఉంటే రాయండి. బదులు రాయడం నాకు అంతగా చేతకాదు గానీ, అన్నీ చదువుతాను.