ఆగండి మామయ్యగారి ముక్కు

ఆగండి మామయ్య ఎవరినీ ఆగకుండా తిననిచ్చేవాడు కాదు, తను మాత్రం ఒక్కచోట ఆగేవాడు కాదు. ఆ మనిషి గురించి ఈ ఒక్క ముక్క చెబితే చాలు, మిగతాదంతా దానికి తోకే. ఎవరింట్లోనైనా సరే, కంచాల్లో వడ్డించి నలుగురూ మొదటి ముద్ద ఎత్తబోతుంటే "ఒక్క నిమిషం ఆగండి" అని వినిపిస్తుంది. అందరూ పెన్ను పెట్టుకునే జేబులో ఆయన సూదిలాంటి మొన ఉన్న థర్మామీటరు పెట్టుకుంటాడు. దాన్ని తీసి ప్రతి గిన్నెలోనూ గుచ్చుతాడు. గుచ్చి ఊరుకుంటాడా, వంగి, గిన్నెలో ముక్కు పెట్టి, పక్కింటికి వినపడేలా వాసన పీలుస్తాడు. అప్పుడు గాని "ఊఁ, కానివ్వండి" అనడు. ఈలోగా పిల్లలు ఆకలికి ఖాళీ చెంచాలు నాకుతూ కూర్చుంటారు.

అసలు పేరు ఇంట్లోవాళ్ళకే సరిగ్గా గుర్తులేదు. ఆ ఇంటి చిన్నకోడలికి ఆయన, మొగుడి బాబాయి కాబట్టి, చిన్నమామగారు. రంగుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. పెళ్ళీ గిళ్ళీ లేదు. చుట్టాలిళ్ళన్నీ తన ఇళ్ళే, ఫ్రిజ్‌లన్నీ తన ఫ్రిజ్‌లే. గుమ్మంలో చెప్పులు విప్పిన చప్పుడూ వంటింట్లో ఫ్రిజ్ తలుపు తెరిచిన చప్పుడూ ఒకేసారి వినిపిస్తే ఆయన వచ్చినట్టు.

ఒకసారి చుట్టాల్లో ఇంజనీరు బావగారొకరు విందు ఇచ్చారు. పెద్ద గిన్నెడు అన్నం పొద్దున వండి మధ్యాహ్నం దాకా బయటే ఉంచారు. మామయ్య వచ్చి, వండి రెండు గంటలు దాటిందా అని అడిగాడు. దాటిందన్నారు. అంతే, ఆ గిన్నె ఎత్తుకుపోయి చెత్తడబ్బాలో బోర్లించి వచ్చాడు. పై ఆఫీసర్లతో సహా అందరూ బ్రెడ్డు తిని లేచారు. బావగారు పళ్ళు నూరి, ఇక నా గడప తొక్కొద్దన్నారు. మామయ్య మర్నాడే తొక్కాడు, ఫ్రిజ్‌లో మిగిలిన కూరలేమయ్యాయో చూడాలని.

చిన్నకోడలి ఇంట్లో మైక్రోవేవ్ కూడా ఆయన తెచ్చిపెట్టిందే. ఆమె ముందుగదిలో మిషను పెట్టుకుని ఇరుగుపొరుగు వాళ్ళకి బట్టలు కుడుతుంది. మొగుడు దూరపు బస్సుల డ్రైవరు, ఇంట్లో ఉండేది తక్కువ. మూడేళ్ళ పాప ఉంది. ఇంత పనిలో పొయ్యి ముందు నిలబడే ఓపిక ఎక్కడిదని మామయ్య ఆ పెట్టెని మోసుకొచ్చి పాఠాలు మొదలెట్టాడు. ముక్కలన్నీ ఒకే సైజులో కొయ్యాలి, లేకపోతే ఒకటి మెత్తబడి ఇంకోటి పచ్చిగా ఉంటుంది. గాజుగిన్నెలో వెయ్యాలి, రెండు చెంచాల నీళ్ళు చాలు, మూత కొంచెం ఓరగా పెట్టాలి. సగంలో ఆపి కలపాలి. దుంపలని ముందే ఫోర్కుతో పొడవాలి. ఆమె ఒకసారి పొడవడం మర్చిపోతే దుంప ఢామ్మని పేలి లోపలంతా సున్నం కొట్టినట్టయింది. మామయ్య మాత్రం, చూశావా, ఊపిరాడకపోతే ఎవరికైనా కోపం వస్తుందని దుంప తరఫున వాదించాడు.

అన్నిటికన్నా ముఖ్యం, గంట మోగాక కూర అలాగే మూతపెట్టి కాసేపు ఉండాలి. వేడి అన్ని ముక్కల్లోకీ సమానంగా పాకడానికి అది విశ్రాంతి. కూర విశ్రాంతి తీసుకుంటున్నంతసేపూ మామయ్య కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతాడు. కారని కొళాయి బిగిస్తాడు, సరిగ్గా ఉన్న గడియారం సరిచేస్తాడు. ఒకరోజు అలాగే తిరుగుతూ తిరుగుతూ మిషను దగ్గర కూలబడి, తొక్కుతూ తొక్కుతూ ఎవరిదో జాకెట్టు చేతిని అడ్డంగా కుట్టి మూసేశాడు. కూర బ్రహ్మాండంగా కుదిరింది గాని, ఆ కుట్టు విప్పడానికి చిన్నకోడలికి ఆ పూటంతా పట్టింది.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది. ఆర్నెల్ల కిందట ఆమెకి జ్వరం వచ్చి తగ్గినప్పటినుంచి నవ్వు రావడం మానేసింది. ఎందుకంటే ఆ జ్వరం పోతూ పోతూ ఆమెకి వాసన తెలియకుండా చేసి పోయింది. నాలుకకి ఉప్పూ కారం తెలుస్తున్నాయి. ముక్కుకి మాత్రం సబ్బూ ఒకటే, మాడిన గుడ్డా ఒకటే. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఆమె ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మొగుడికి చెబితే వాళ్ళమ్మకి చెప్పినట్టే, ఆయన కడుపులో ఏదీ దాగదు.

అత్తగారు రెండు వీధుల అవతల పెద్దకొడుకు ఇంట్లో ఉంటుంది. చెడ్డమనిషి కాదు. సొంత వంటిల్లు లేక చేతులు దురదపెడుతున్న మనిషి. జ్వరం రోజుల్లో రెండు పూటలా క్యారేజీ పంపి, చివర్లో, ఇకనుంచి పాప తిండి నేను చూసుకుంటాలే, నువ్వు హాయిగా మిషను చూసుకో అంది. చిన్నకోడలు అప్పటికి ఎలాగో తప్పించుకుంది. కానీ ఒక ఉదయం పాపకి పాలిస్తే, పాప "యాక్" అని గ్లాసు తోసేసింది. సింకులో పోసి చూస్తే విరిగిన పాలు. వాసన చూసే ఇచ్చింది మరి. ఆ రోజు వంటింట్లో నేలమీద కూర్చుని ఏడ్చింది. ఈ సంగతి అత్తగారికి తెలిస్తే పాప కంచం ఆ పూటే రెండు వీధులు దాటి వెళ్ళిపోతుంది, పాపకి అన్నం కలిపి పెట్టే భాగ్యం తనకి పోతుంది. ఆమె భయమంతా అదే.

సరిగ్గా ఆ జ్వరం తగ్గినప్పటినుంచే మామయ్య పిచ్చి ముదిరింది. వారానికోసారి వచ్చేవాడు రోజూ రావడం మొదలెట్టాడు. ఫ్రిజ్‌లో ప్రతి డబ్బా మూతమీదా వండిన తేదీ రాసి అంటించాలన్నాడు. ఆమెతో ఆగలేదు, చుట్టాలందరి ఇళ్ళకీ కాగితాలూ జిగురూ పట్టుకుని తిరిగాడు. ఎవరు ఏది మళ్ళీ వేడిచేసినా సూది డెబ్బై అయిదు డిగ్రీలు దాటితే గాని తినొద్దన్నాడు. అందరికీ తలో థర్మామీటరు కొనిపెట్టాడు. అత్తగారు తల పట్టుకుని, "జ్వరం నీకొచ్చింది, మతి వాడికి పోయింది" అని చిన్నకోడలితో అంది.

చిన్నకోడలు మాత్రం ఆయన ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా మిషను ఆపి పరిగెత్తుకొచ్చేది. ఆ ముక్కు అలాంటి ముక్కు. ఏ డబ్బాలో ఏం కంపు పట్టుకుంటాడో, ఇది నీకెలా తెలియలేదమ్మా అని ఎప్పుడు అడుగుతాడో అని ఆయన మొహమే చూస్తూ నిలబడేది.

ఆదివారం అత్తగారు భోజనానికి వస్తానంది. జ్వరం తర్వాత ఈ ఇంట్లో తినడం అదే మొదలు. వంటిల్లు ఎలా నడుస్తోందో చూడ్డానికే వస్తోందని కోడలికి తెలుసు. మొగుడు రెండు రోజులనుంచి బస్సు మీద ఉన్నాడు, సాయంత్రం గాని రాడు. ఆ రెండు రోజులూ పాప ముక్కుకి గుడ్డపీలిక అడ్డం పెట్టుకుని గాని వంటింట్లోకి రావడం లేదు. డాక్టరాట ఆడుకుంటోందనుకుని తల్లి నవ్వి ఊరుకుంది.

మామయ్య పొద్దున్నే దిగాడు. ఇద్దరూ కలిసి క్యారెట్టూ బీన్సూ కాలీఫ్లవరూ ఒకే సైజులో కోశారు. గంట మోగింది, కూర విశ్రాంతికి వెళ్ళింది, మామయ్య తిరగడం మొదలెట్టాడు. అప్పుడే అత్తగారు వచ్చింది. వచ్చి, వంటింటి గుమ్మంలో ఆగిపోయి, కొంగుతో ముక్కు మూసుకుంది.

"ఏమిటమ్మా ఈ కంపు?"

చిన్నకోడలు గట్టిగా ఓసారి గాలి పీల్చి, అలవాటు ప్రకారం మామయ్య మొహం వంక చూసింది. ఆ క్షణంలోనే మామయ్య కూడా గట్టిగా గాలి పీల్చి ఆమె మొహం వంక చూశాడు. ఇద్దరి ముక్కులూ ఎగపీలుస్తున్నాయి, ఇద్దరి కళ్ళూ ఎదుటి మొహంలో జవాబు వెతుకుతున్నాయి. చిన్నకోడలికి అప్పుడు అర్థమైంది. ఈయనకీ రాదు. ఇన్నేళ్ళూ ఇంతమంది గిన్నెల్లో తలకాయ దూర్చిన ఈ మహానుభావుడికీ ఏ వాసనా రాదు.

ముందు తేరుకున్నది మామయ్యే. "మొత్తానికి నీకే తెలిసింది వదినా" అన్నాడు. "ఒకటి కుళ్ళబెట్టి దాచాను. ఎవరి ముక్కు పట్టుకుంటుందో చూద్దామని. ఈ అమ్మాయిని ముందే నోరు మూసుకోమన్నాను."

వేరే ఎవరన్నా ఈ మాట అంటే అత్తగారు నమ్మేది కాదు. అన్నది ఆగండి మామయ్య కాబట్టి వెంటనే నమ్మేసింది. బుద్ధుందా నీకు అని మొదలుపెట్టి, చెడామడా తిట్టి, దాచిందేదో ముందు బయటికి తియ్యమంది.

అక్కడొచ్చింది చిక్కు. ఎక్కడుందో ఆయనకి మాత్రం ఏం తెలుసు? ఆయన తాపీగా సింకు దగ్గరికి నడిచి వదినగారి మొహం చూశాడు. మామూలుగానే ఉంది. అలమర దగ్గరికి వెళ్ళాడు, ఆమె కళ్ళు చికిలించింది. వంగి కింది అర తలుపు తీశాడు, ఆమె దగ్గుతూ రెండడుగులు వెనక్కి వేసింది. ఆయన దుంపల సంచి వెనక చెయ్యి పెట్టి, ఎప్పుడో దొర్లిపోయి, కుళ్ళి నీరుకారుతున్న దుంపని బయటికి తీశాడు. ఫ్రిజ్‌లో డబ్బాలన్నిటికీ తేదీలున్నాయి గాని ఆ దుంపకి ఎవరూ కాగితం అంటించలేదు పాపం. దాన్ని వట్టి అరచేతిలో పెట్టుకుని ఆపిల్ పండు చూసినట్టు చూస్తూ నిలబడ్డాడు. పారెయ్యమని అత్తగారు అరిచాక, కాస్త ఆలస్యంగా గుర్తొచ్చి, మొహం వికారంగా పెట్టాడు.

అత్తగారు ముందుగదిలో కిటికీలు తెరవడానికి వెళ్ళింది. మామయ్య దుంపని బయటపడేసి వచ్చి, చేతులు సబ్బుతో తోముకుని, అర కడగడం మొదలెట్టాడు. చిన్నకోడలు పక్కన కూర్చుని మెల్లిగా అడిగింది.

"ఎప్పట్నించి మామయ్యగారూ?"

"రంగుల ఫ్యాక్టరీ అమ్మా. కాస్త కాస్తగా పోయింది. ఏ రోజు పూర్తిగా పోయిందో కూడా తెలీదు."

"మరి నా సంగతి మీకెలా తెలుసు?"

"జ్వరం తగ్గాక నేనొచ్చిన రోజు నువ్వు కూరగిన్నె వాసన చూశావు. వాసన తెలిసేవాళ్ళు కళ్ళు మూసుకుంటారమ్మా. నువ్వు నా మొహం చూశావు." అర మూల గట్టిగా తుడిచాడు. "ఆ చూపు నాకు కొత్తా?"

అయితే ఆ కాగితాలూ, ఆ థర్మామీటర్లూ, చుట్టాలిళ్ళ చుట్టూ తిరగడమూ ఎందుకని అడిగింది.

"నీ ఒక్కదాని డబ్బాలమీదే తేదీలుంటే మీ అత్తయ్య ఎందుకని అడగదూ? అందరి డబ్బాల మీదా ఉంటే పిచ్చి నాదవుతుంది. అది వాళ్ళకి అలవాటే."

చిన్నకోడలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తనని పట్టేసుకుంటాడని ఆర్నెల్లు వణికిన మనిషి, ఆర్నెల్లుగా తనకోసం ఊరందరి నోళ్ళలో పిచ్చివాడవుతున్నాడు. ఆయన మీద పట్టలేనంత ప్రేమ కలిగింది. ఆయన అప్పటికే లేచి, కూర విశ్రాంతి ఎక్కువైపోయిందంటూ మైక్రోవేవ్ దగ్గరికి పరిగెత్తాడు.

వడ్డనలయ్యాయి. అత్తగారు ముద్ద ఎత్తబోతోంది. "ఒక్క నిమిషం ఆగండి" అని వినిపించింది. అత్తగారు విసుగ్గా మరిది వంక చూసింది. అన్నది ఆయన కాదు, చిన్నకోడలు.

"అత్తయ్యా, జ్వరం తర్వాత నాకు వాసన తెలియట్లేదు. పాపకి ఒకసారి విరిగిన పాలు కూడా ఇచ్చాను. అందుకే తేదీ చూసి, సూది గుచ్చి గాని పెట్టట్లేదు. మీకు చెప్పాలంటే భయమేసింది."

అత్తగారు ముద్ద కంచంలో పెట్టేసింది. ఒక క్యారెట్టు ముక్క తీసి నమిలింది. తర్వాత బీన్సు ముక్క. రెండూ ఒకేలా ఉడికాయి. ఆవిడకి తప్పుపట్టడానికి ఏమీ దొరకలేదని మొహంలోనే తెలుస్తోంది.

"నాకు ముక్కుండి ఏం ఒరిగింది, మొన్న నేనూ విరిగిన పాలే కాఫీలో పోశాను" అంది చివరికి. "పాప తిండి నువ్వే చూసుకో. నాకు ముందే చెప్పాల్సింది, అంతే. అయినా నీకేం భయం, మా మరిది రోజూ వస్తూనే ఉన్నాడుగా. వాడి ముక్కులాంటి ముక్కు మన వంశంలోనే లేదు."

మామయ్య అదాటున లేచి కొళాయి బిగించడానికి బయల్దేరాడు. అత్తగారు ఆయన్ని పట్టుకుని ఆపి, తను ఇంటినుంచి తెచ్చిన డబ్బా మూత తీసి, ఏదీ, వాసన చూసి బాగుందో లేదో చెప్పమంది.

ఆయన డబ్బా అందుకుని వంగాడు. పక్కింటికి వినపడేలా పీల్చాడు. పీలుస్తూ చిన్నకోడలి వంక చూశాడు. ఆమె అత్తగారి చేతిలోని మూతమీది కాగితం చూసింది. ఈ రోజు తేదీయే. ఆయన వంక తిరిగి, తన రెండు కళ్ళూ మెల్లిగా మూసి చూపించింది.

మామయ్య కూడా కళ్ళు మూసుకున్నాడు. "దివ్యంగా ఉంది వదినా" అన్నాడు. అని, కొళాయి సంగతి మర్చిపోయి, పాప పక్కన చతికిలబడి, భోజనం అయ్యేదాకా కదల్లేదు.