బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మాటకు ఆగని మా జీపు

మా చిన్నప్పుడు... మా నాయన జీపుకి వైపర్లు అవ్వ ట్రంకు పెట్టెలో, ధర్మవరం పట్టుచీర మడతల్లో ఉండేవి. మా చిలమత్తూరు వైపు వాన పడేదే అరుదు, వైపర్లెందుకు దండగ అనేవాడు నాయన. ఏడాదికోసారి, ఎఫ్‌సీ రోజున మాత్రమే అవి బయటికొచ్చేవి.

ఎఫ్‌సీ అంటే తెలుసు కదా... జనాన్ని ఎక్కించుకోవడానికి బండి పనికొస్తుందని సర్కారు ఇచ్చే కాగితం. అది లేకపోతే చిలమత్తూరు నుంచి హిందూపురానికి జీపు తోలడానికి లేదు.

ఒక ఏడు మాత్రం ఎఫ్‌సీ దగ్గర పడేసరికి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. జీపు ముసలిదైపోయింది. "ఈసారి ఎఫ్‌సీ కాకపోతే అమ్మేసి బెంగళూరికి పోతా. తమ్ముని మాదిరి సిమెంటు పని చేసుకుంటా" అన్నాడు నాయన. బెంగళూరు పోయిన చిన్నాయన పండక్కి కూడా వచ్చేవాడు కాదు. నాకు ఏడుపొచ్చేసింది.

ఇంక చూడండి మా ఇంటి హడావిడి... పెనుకొండ నుంచి పెయింటర్ వచ్చి నంబర్లు కొత్తగా రాశాడు. పాత టింక్చర్ ఏడాదంతా మా మోకాళ్ల దెబ్బలకే ఖర్చయిపోయింది, కొత్త సీసా కొని బండి మందుల పెట్టెలో పెట్టారు. అమ్మ సీట్లు సీకాయపొడితో తోమింది. బండి నిండా తలంటు వాసన!

హెడ్‌లైట్ల మధ్యలో నల్లచుక్క పెట్టాలని అప్పట్లో రూలు ఉండేది. అది చూసి మా అవ్వ తెగ మురిసిపోయింది. "గవర్నమెంటోళ్లకి ఇన్నాళ్లకి బుద్ధొచ్చినాది. బండికి గూడా దిష్టి తగుల్తాదని తెలుసుకున్యారు!"

అన్నిటికంటే ముఖ్యమైన పని బల్ల దాచడం. వెనక రెండు సీట్ల నడుమ నాయన ఒక చెక్కబల్ల వేసేవాడు, ఇంకొంతమంది పడతారని. అది రూలుకి విరుద్ధం. దాన్ని తీసి గడ్డివాము వెనక పెట్టి, ఏమీ ఎరగనట్టు బయల్దేరాం. నేనూ వస్తానని ఏడిస్తే, "నోరెత్తకూడదు" అని ఒట్టు వేయించుకుని వెనక కూర్చోబెట్టాడు.

హిందూపురం బయట మైదానంలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. బండ్లు తనిఖీ చేసే ఆఫీసర్‌ని మా వైపు అలాగే అంటారు. ఖాకీ బట్టలు, పెద్ద మీసాలు. లైట్లు చూశాడు, హారన్ కొట్టాడు, నీళ్లు చల్లి వైపర్లు వేయించాడు. అన్నీ సరే! తర్వాత ముందు సీట్లో కూర్చుని, "రోడ్డెక్కించు. నేను బ్రేక్ అనగానే ఆపాలి" అన్నాడు.

నాయన బండి రోడ్డెక్కించాడు. కొంచెం దూరం పోయాక ఆయన "బ్రేక్!" అని అరిచాడు. నాయన ఉలిక్కిపడి ఆయన వైపు తిరిగి, "ఏం సార్?" అన్నాడు. బండి పోతూనే ఉంది. మళ్లీ "బ్రేక్!" అన్నాడు. కంగారులో నాయన హారన్ మోగించాడు.

అయిపోయింది అనుకున్నాను. ఇంకేముంది, బెంగళూరే...

సరిగ్గా అప్పుడే రోడ్డు పక్క ఎండలో ఎవరో చెయ్యెత్తారు. మా ఊరి నరసక్క, నెత్తిన కోళ్ల గంప! అంతే, నాయన కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. జీపు ఉన్నచోటే నిలబడిపోయింది. ఇన్‌స్పెక్టర్ టోపీ ఎగిరి అద్దానికి తగిలింది.

"సంతలో ఒక్క కోడీ అమ్ముడుపోలేదబ్బా సీనా, ఊరికి పోదాం పా" అంటూ నరసక్క వెనక్కి వచ్చింది. లోపలికి తొంగిచూసి, "బల్ల యాడబ్బా? ఇంతమందిమి కూసుంటాం కదా, ఆ బల్ల!" అంది.

నేను ఆమె కొంగు పట్టి లాగాను. "ఏమ్మే, కొంగు పీకతాండావు?" అని నన్నే కసిరింది.

"ఏ బల్ల?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నడిమద్దెన ఏస్తాడు సామీ. ఎంతమంది వచ్చినా ఎవుర్నీ ఇడిసిపెట్టడు. చానా మంచోడు!" అని మెచ్చుకుని, గంపతో సహా ముందుకి పోయింది. "జరగప్పా పోలీసప్పా, ఈ కోడి పొడుస్తాది" అని ఆయన్ని జరిపి పక్కనే కూర్చుంది. పాపం, ఆయన జరిగాడు!

"టెస్టులో ఉన్నావు. ఎందుకు ఆపావయ్యా?" అనడిగాడు నాయన్ని.

"చెయ్యెత్తినాది కదా సార్..." అన్నాడు నాయన.

మైదానం చేరేదాకా కోళ్లదే మాట. దిగి టోపీ దులుపుకుంటూ ఆయన అన్నాడు... "బ్రేకు భేషుగ్గా ఉంది. బండికి ఎఫ్‌సీ ఇస్తాను. నీకు మాత్రం ఇవ్వలేను. ఆ బల్ల తెచ్చి ఇక్కడ పడేశాకే సంతకం."

నాయన రెండు చేతులూ జోడించాడు. నాకైతే ఆ మీసాలాయన దేవుడిలా కనిపించాడు. మా నాయన ఎక్కడికీ పోడు!

బల్ల కోసం ఊరికి తిరిగొచ్చేటప్పుడు నరసక్క, "ఎఫ్‌సీ అంటే ఏమబ్బా?" అని అడిగింది.

"నువ్వు నోరు మూసుకోనుంటే ఇంగా తొందరగా వచ్చేది" అన్నాడు నాయన. ఆమెతో పాటు నేనూ పడీ పడీ నవ్వాను.

బల్ల పోయాక బండిలో చోటు తగ్గింది. చెయ్యెత్తేవాళ్లు తగ్గలేదు. "ఈడే ఉండండి, వీళ్లని దించేసి వస్తాండా" అని చెప్పి, మిగిలినవాళ్ల కోసం మళ్లీ వచ్చేవాడు నాయన. డీజిలుకే సరిపోవడం లేదని అమ్మ తిట్టేది. అయినా వచ్చేవాడు.

నాయన ఇప్పుడు లేడు. మొన్న మా ఆయన వ్యానుకి ఎఫ్‌సీ చేయించడానికి పోతే, చక్రాలు రోలర్ల మీద పెట్టి కంప్యూటరే అంతా చూసేసింది. బ్రేకులు బ్రహ్మాండమని కాగితం వచ్చింది. అక్కడే నాయన గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి... ఇప్పుడు ఆ రోడ్డు మీద అన్ని బండ్లకీ బ్రేకులు బాగానే పడుతున్నాయి. ఎండలో చెయ్యెత్తిన మనిషి కోసమే పడడం లేదు.

మీ ఊళ్లో మీకోసం ఆగిన బండి ఎవరిది? ఆయన ఎలా పిలిచి ఎక్కించుకునేవాడో రాయండి... ఒకసారి అందరం కలిసి ఎక్కుదాం.